తోటకూర అని రాసిన చోట

ఎస్తేరమ్మ పోయిన రోజు పెరటి మడిలో బెండకాయలు కోతకొచ్చి ఉన్నాయి. ఆ సంగతి ఆమె భర్త యేసయ్యకు తర్వాత తెలిసింది. ఆ రోజు అతను బళ్లో ఐదో తరగతికి భాగహారం చెబుతున్నాడు. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా ఫోను మోగింది. పక్కింటి జమ్ములమ్మ. అక్క మడిలో పడిపోయింది సారూ, లేపితే లేస్తలేదు, అంది. వనపర్తి దవాఖానకు చేరేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. మూడో రోజు చుట్టాలంతా వెళ్ళిపోయాక వెనక తలుపు తీసి చూస్తే, ఆమె నడుముకు చుట్టుకునే సంచి బెండ చెట్ల మధ్య పడి ఉంది. అందులో వడిలిన కాయలు, ఒక గుప్పెడు. చెట్ల మీద మిగిలినవి అప్పటికే ముదిరి కొమ్ముల్లా బిగుసుకున్నాయి. అతను వాటిని కోయలేదు. తలుపు వేసి లోపలికి వచ్చాడు. మరునాడు బడికి పోయాడు. బోర్డు మీద ఆ లెక్క అట్లాగే ఉంది, పిల్లలు ఎవరూ తుడవలేదు.

ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. పొద్దున ఆరు కావస్తోంది. యేసయ్య పెరట్లో గోడకు ఆనించి పేర్చిన బండల మీద కూర్చుని ఉన్నాడు. బండలు చల్లగా ఉన్నాయి, రాత్రి కురిసిన మంచు పంచెలోకి దిగుతోంది. గద్వాల నుంచి బయలుదేరిన బస్సు పెబ్బేరు దాటి వీపనగండ్లకు ఏడు లోపల వస్తుంది, అందులో బిడ్డ అఖిల వస్తుంది, పదకొండింటికి పాస్టరు వచ్చి జ్ఞాపకార్థ కూడిక జరుపుతాడు, రేపు పొద్దున మేస్త్రీ హన్మంతు వచ్చి ఈ బండలన్నీ మడి మీద పరుస్తాడు. అదీ ఒప్పందం. కిందటి క్రిస్మస్‌కు అఖిలే అడిగింది. అప్పుడు మడి నిండా వయ్యారిభామ నడుమెత్తు లేచింది, తుంగ, గరిక, పల్లేరు, అందులో పాము కూడా కనబడింది. గద్వాల దవాఖానలో నర్సుగా పాముకాట్లు చూసిన పిల్ల. "నాయినా, బండలు పరిపిద్దాం. నాకు ఆ జాగ చూడబుద్ధి అయితలేదు," అంది, అమ్మ పడిన చోటు వైపు తల తిప్పకుండా. అతను ఒప్పుకున్నాడు. ఏడాది కూడిక కానియ్యి బిడ్డా, అన్నాడు. మాట ఇచ్చి తప్పడం అతనికి చేతకాదు. ఆ తర్వాత అఖిల నాలుగైదుసార్లు వచ్చింది, ఉన్నది, వండింది, వెళ్ళింది. వెనక తలుపు మాత్రం తీయలేదు. తలుపు అవతల జూన్ నుంచి ఏం జరుగుతోందో అతనూ చెప్పలేదు. మొలవకపోతే? మొలిచి ఎండిపోతే? పూసిన తర్వాత చెబుదాం అనుకున్నాడు. పూసిన తర్వాత ఏమని చెప్పాలో తోచలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు వాక్యాలు చెప్పినవాడికి ఈ ఒక్క వాక్యం కుదరలేదు. ఇక చెప్పడం ఎందుకు, చూస్తుంది. చూస్తే చాలు. చూసి కూడా బండలే అంటే బండలే. ఇచ్చిన మాట మాటే.

వెలుతురు తాటిచెట్ల మీదుగా నెమ్మదిగా దిగుతోంది. ఈ వారం రోజులుగా అతను ఇక్కడే కూర్చుని కనిపెట్టిన విషయం ఒకటుంది: తెల్లవారేటప్పుడు రంగులన్నీ ఒకేసారి రావు. ముందు తెలుపు వస్తుంది, వంకాయ చెట్ల వెనక నిలబడ్డ గునుగు పూల కంకులు, చీకట్లోనే కనబడతాయి. తర్వాత బంతిపూల పసుపు. పందిరి మీద శంఖుపూల నీలం ఎప్పుడు వచ్చిందో తెలియకుండా వచ్చేస్తుంది. ఎరుపు అందరికంటే ఆఖరున వస్తుంది. అప్పటిదాకా సీతజడలు నల్లగా, ఎవరో తల వంచి నిలబడినట్టు ఉంటాయి. సూర్యుడు గోడ దాటగానే ఒక్కసారిగా అంటుకుంటాయి. కోడిజుట్టు పూలని కొందరంటారు. ఎస్తేరమ్మ సీతజడలనే అనేది. అనేదని జమ్ములమ్మ చెబితే తెలిసింది. ఆమె నోటి నుంచి ఆ పేరు అతను ఒక్కసారే విన్నాడేమో. విన్నది కూడా, ఇప్పుడు లెక్కేస్తే, ఇరవై ఏడేళ్ళయింది.

పెళ్ళైన తొలి వానాకాలం అది. శ్రీరంగాపూర్ పక్కన ఆమె పుట్టిన ఊరి నుంచి వస్తూ కొంగులో చిన్న చిన్న గుడ్డ మూటలు తెచ్చింది. ఈ ఇంటికి అప్పటికి గోడలు లేచాయి, పైన రేకులు, వెనక ఇంత జాగ. ఆమె కాలి బొటనవేలితో నేల మీద గీత గీసింది. గీతకు ఇటు కూరగాయలు, అటు పూలు. సీతజడలు, చంద్రకాంతలు, ఇంకా ఏవో పేర్లు చెప్పింది, చేతులు తిప్పుతూ, ఎంత ఎత్తు పెరుగుతాయో చూపిస్తూ. అతను మెట్టు మీద కూర్చుని బళ్ళో పిల్లల పుస్తకాలు దిద్దుతున్నాడు. తల ఎత్తకుండా, కోపంగా కూడా కాదు, మామూలుగా అన్నాడు: "పూలు తింటమా?"

అంతే. రెండు మాటలు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో అతనికి తెలుసు. కాలువ పనులకు మేస్త్రీల వెంట పోయిన అమ్మానాయినల వెనక నడిచిన పిల్లవాడి నోటి నుంచి వచ్చాయి. గుడారం ముందు మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి మీద గట్ల వెంట గిల్లుకొచ్చిన ఆకు, ఉప్పు ఉంటే ఉప్పు. ఆకు ఏదైతేనేం, ఉడికితే చాలు. హాస్టల్లో చేరి, చదివి, టీచరు ఉద్యోగం వచ్చిన తర్వాత కూడా నేల కనబడితే అతనికి కడుపే గుర్తొచ్చేది. కానీ ఈ కథంతా ఆమెకు అప్పుడు చెప్పలేదు. రెండు మాటలే చెప్పాడు. ఆమె కాలితో గీసిన గీతను కాలితోనే చెరిపింది. ఆ సాయంత్రం బెండ పెట్టింది. అప్పటి నుంచి ఇరవై ఆరు వానాకాలాలు ఆ మడిలో బెండ, వంకాయ, మిరప, గోరుచిక్కుడు, తోటకూర తప్ప ఇంకొకటి మొలవలేదు. ఆ విషయం అక్కడితో అయిపోయిందని అతను అనుకున్నాడు. అయిపోయిందని అనుకోవడానికి కూడా దాన్ని గుర్తు పెట్టుకోలేదు.

ఎక్కడో ట్రాక్టరు స్టార్టు అయింది. బస్సు కాదు. బస్సు చప్పుడు వేరు. చంద్రకాంతలు ముడుచుకునే వేళయింది, సాయంత్రం విచ్చి తెల్లవారేదాకా ఉంటాయి, అఖిల వచ్చేసరికి ముడుచుకుపోతాయేమో, జర ఆగండి అని చెబితే వింటాయా. అసలివి ఇక్కడ ఉండడమే ఒక వింత. మే నెల సెలవుల్లో బియ్యం డబ్బా వెనక ఎస్తేరమ్మ విత్తనాల కుండ దొరికింది. మూతి మీద మూకుడు, లోపల బూడిద, ఎండిన వేపాకు, వాటి మధ్య గుడ్డ మూటలు, గోలీలంత, నిమ్మకాయలంత. చీర అంచులు, రైక ముక్కలు, లంగా నాడాలు. ఒక్కదాని మీదా పేరు లేదు. ఉండదు కదా, ఆమెకు చదువు రాదు. పెళ్ళైన కొత్తలో పలక తెచ్చి నేర్పబోతే, ఇంట్ల ఒక్క సారు సాలు, అని నవ్వి పలకను పప్పు కుండ మీద మూత పెట్టింది. కుండను ముందేసుకుని యేసయ్య ఒక పొద్దంతా కూర్చున్నాడు. ఎప్పటికైనా మడి బాగు చేస్తే ఇవి పనికొస్తాయి, ఇట్లా ఉంటే ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది, పద్ధతిగా పెట్టాలి, అనుకున్నాడు. మూటలన్నీ విప్పాడు. గింజలు చూసి గుర్తు పట్టాడు, బెండ, చిక్కుడు, గోంగూర తెలియనివి కావు. నల్లగా మెరిసే సన్నటి గింజలు రెండు మూటల్లో ఉంటే రెండూ తోటకూరే అని ఒకటిగా కలిపాడు. శుభ్రమైన కవర్లలో పోశాడు. మడిలో పాతడానికి నూనె డబ్బా రేకు కత్తిరించి, తెల్లరంగు వేసి, బళ్ళో గోడల మీద సూక్తులు రాసే అక్షరాలతో పేర్లు రాశాడు. మాసిన గుడ్డ ముక్కలన్నీ పోగేసి నీళ్ళ పొయ్యిలో వేశాడు. ఆ రోజు పనంతా అయ్యాక మనసుకు ఎంత నెమ్మది అనిపించిందో! ఆమెకు సాయం చేసినట్టు అనిపించింది.

మరునాడే గడ్డపార పట్టాడు. వయ్యారిభామ పీకితే చేతులు దద్దుర్లు తేలాయి, తుంగ గడ్డలు తవ్వినకొద్దీ వచ్చాయి. బండలు వచ్చే జాగకు ఇంత కష్టం ఎందుకని తనను తాను అడగలేదు. ఈ ఒక్క వానాకాలం ఆమె మడి ఆమె ఉంచినట్టు ఉంటే చాలు. జమ్ములమ్మ కొట్టంలో నుంచి పశువుల ఎరువు గంపలతో మోసి చల్లాడు. మొదటి వానకు గింజలు వేశాడు. తోటకూర జల్లున మొలిచింది, ఒత్తుగా, ఎర్ర తొడిమెలతో. పలచన చేయాలి కదా, పీకి కూర వండాడు. ఒక రోజు కాదు, నాలుగు రోజులు. కొంచెం వగరు తగిలింది. తన వంట సంగతి తెలిసిందే అనుకుని మజ్జిగ పోసుకుని తిన్నాడు. జూలైలో ఒక సాయంత్రం జమ్ములమ్మ గోడ మీదుగా తొంగి చూసి, చూసి, ఆఖరికి చుట్టూ తిరిగి వచ్చి మడి గట్టున నిలబడింది.

"సారూ, గిది తోటకూర గాదు. సీతజడ."

"బోర్డు మీద తోటకూర అనే ఉంది గద," అన్నాడు అతను, ఇంకేం అనాలో తోచక.

"బోర్డుకేం ఎరుక? నువ్వు రాసినవని మొక్క నీ మాట ఇంటదా? బడిపిల్లగాడనుకున్నవా దాన్ని?" వంగి ఒక ఆకు తుంచి చూపించింది. "అక్కడక్కడ రెండు తోటకూర ఉన్నయి గని, కడమయన్ని సీతజడలే. గిట్ల పలచగున్నదేంది, ఎవ్వలు పీకిన్రు?"

"నేనే. వండుకున్న."

జమ్ములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. గట్టు మీద కూలబడి నవ్వింది. "పూలను కూరొండుక తిన్నవా సారూ! అయ్యో అక్కా, సూసినవా నీ మొగన్ని!" కిటికీ గూట్లో ఉన్న కవరు కనబడింది ఆమెకు, మిరియాల్లాంటి నల్లటి గింజలు ఉన్నది. "గివేంది?"

"మిరియాలేమో అని పక్కన పెట్టిన."

"చంద్రకాంతలు! చారులేస్తే నువ్వు గూడ అక్క కాడికే పోతుంటివి." నవ్వి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు అడిగింది. "గుడ్డలేవి సారూ? మూటల గుడ్డలు. ఎర్ర రైక ముక్కల సీతజడ, పచ్చంచుల తోటకూర, పూల చీర ముక్కల శంఖుపూలు. గుడ్డ జూస్తే తెలుస్తుండె గద."

కాల్చేశాను, అన్నాడు అతను. జమ్ములమ్మ నవ్వు ఆగింది. నెమ్మదిగా చెప్పింది: యేటేటా అక్క మా కొట్టం ఎనక పెట్టేది ఈ పూలు. నువ్వు బడికి పోయినంక వచ్చి నీళ్ళు పోసేది. బతుకమ్మకు నేను కోసుకునేదాన్ని, ఇత్తులు ఆమె పట్టుకపోయేది. నీకు తెల్వదా?

తెల్వదు, అన్నాడు. ఆడెందుకు పెట్టేది అని అడగబోయాడు. అడగలేదు. ప్రశ్న నోటిదాకా రాకముందే జవాబు వచ్చి మెట్టు మీద కూర్చుంది, చేతిలో పిల్లల పుస్తకాలతో, తల ఎత్తకుండా.

పూలు తింటమా. తిన్నాడు. నాలుగు రోజులు తిన్నాడు, ఉప్పు చాలలేదని మళ్ళీ వేసుకుని మరీ తిన్నాడు. ఆ సాయంత్రం జమ్ములమ్మ వెళ్ళాక మడి గట్టున నిలబడి అతనికి ముందు నవ్వు వచ్చింది. ఆమె పోయాక మొదటిసారి. వెంటనే తడి నేల మీదే కూర్చున్నాడు. ఎవరూ చూడలేదు. లేచేటప్పుడు చేతులకు మట్టి అంటింది, ఆ మట్టి చేతులతోనే మొక్కలు లెక్కపెట్టాడు. తినగా నలభై రెండు మిగిలాయి. నలభై రెండు అంటే ఒక తరగతి. ఒక తరగతిని ఎట్లా నిలబెట్టాలో అతనికి తెలుసు.

అక్కడి నుంచి పని పరుగెత్తింది. ప్రార్థనకు పిల్లల్ని నిలబెట్టినట్టే నిలబెట్టాడు. పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందర, ఎవరి తల ఎవరికీ అడ్డం రాకూడదు. వాన పడే సాయంత్రాలు చూసుకుని సీతజడలను వేళ్ళ చుట్టూ మట్టితో తీసి వెనక వరసలోకి మార్చాడు, వాటి మధ్య బెండ. పొలాల గట్ల మీది గునుగును తెచ్చి బెండ పక్కన నాటాడు, జమ్ములమ్మ కలుపును తెచ్చుకునే మనిషిని నిన్నే చూస్తున్న అంది. నడుమ వంకాయ, మిరప, వాటి సందుల్లో జమ్ములమ్మ ఇచ్చిన బంతినారు. బొబ్బర అని రాసినవి పందిరి ఎక్కి నీలంగా పూస్తే, శంఖుపూలని ఈసారి తనే గుర్తుపట్టి, ఆ గెలుపును ఎవరికి చెప్పాలో తెలియక, మరునాడు బళ్ళో ఐదో తరగతికి చెప్పాడు. మూలకు చంద్రకాంతలు. అన్నిటికంటే ముందు, గట్టు పొడుగునా, నేలను అంటుకుని నాచుపూలు, ఒకటో తరగతి పిల్లల్లా, ఎండ వస్తే గాని కళ్ళు తెరవనివి. ఆగస్టులో పురుగు పడింది, వేపగింజల కషాయం కొట్టాడు. గాలివానకు సీతజడలు ఒరిగాయి, పాత గొడుగు ఊచలు పాతి కట్టాడు. ఒక్కటీ చావలేదు. నలభై రెండుకు నలభై రెండు హాజరు! రేకు ముక్కలన్నీ పీకేశాడు, తోటకూర అని రాసినది ఒక్కటి తప్ప. అది సీతజడల కాళ్ళ దగ్గర అట్లాగే నిలబడి ఉంది, చక్కటి అక్షరాలతో. దాన్ని తీసే హక్కు తనకు లేదనిపించింది.

సూర్యుడు గోడ దాటాడు. అదిగో. ఒక చివర నుంచి మరో చివరకు ఎరుపు పాకింది. జడల మడతల్లో వెలుతురు ఇరుక్కుని, లోపల నుంచి కాలుతున్నట్టు, వాటి కింద పసుపు, ఆ పసుపులో వంకాయల నిగనిగ, పండిన మిరపకాయలు పైకి వేళ్ళు చూపిస్తూ. ఇరవై ఆరు వానాకాలాల పూలు ఒక్కసారే వచ్చి నిలబడ్డట్టు ఉంది. యేసయ్య బండల మీద నుంచి లేచాడు, తరగతిలోకి ఎవరో పెద్దలు వస్తే లేచినట్టు. ఎస్తేరూ, అన్నాడు. పైకే అన్నాడు.

గోడ అవతల గిన్నెలు చప్పుడయ్యాయి. "సారూ! ఎల్లుండి సద్దుల బతుకమ్మకు నాలుగు పూలిస్తవా, లేక కూరొండుకుంటవా?" జమ్ములమ్మ తల పైకి లేచింది. "ఎన్ని కావాల్నో కోసుకో," అన్నాడు. "గంప తెచ్చుకో." రోడ్డు మీద బస్సు హారను మోగింది. ఈసారి బస్సే.

అఖిల ముందు తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కూడిక కోసం కొన్న మూరల కొద్దీ చామంతులు. నాయినా, ఏడున్నవ్, అని పిలిచింది. అతను పెరట్లో నిలబడి ఆమె అడుగులు విన్నాడు, వంటింటిదాకా వచ్చి ఆగడం విన్నాడు. ఇక్కడున్న బిడ్డా, అనడానికి నోరు తెరిచి మూశాడు. పిలిస్తే తను అడిగినట్టవుతుంది. తలుపు ఇటు అతను, అటు ఆమె. గడియ తీసిన చప్పుడు ఎంత చిన్నది! ఏడాది నుంచి అతను వినాలనుకున్న చప్పుడు అదే.

ఆమె మెట్టు మీద నిలబడింది. అమ్మ పడిన చోట ఇప్పుడు బంతులు నడుమెత్తు ఉన్నాయి. అక్కడికే చూసింది ముందు.

"ఎవరు పెట్టిన్రు నాయినా ఇవన్ని?"

"ఇత్తులు మీ అమ్మయి. నేను సగం తిన్న."

"ఏంది?"

చెప్పాడు. మెట్టు మీద కూర్చుని రెండు మాటలన్నది చెప్పాడు, గీత చెరపడం చెప్పాడు, కొట్టం వెనక పూలు చెప్పాడు, నాలుగు రోజుల కూర చెప్పాడు. వాక్యాలు కుదిరాయో లేదో చూసుకోలేదు. కూర దగ్గరికి వచ్చేసరికి అఖిల నవ్వింది, గోడ అవతల జమ్ములమ్మ కూడా నవ్వింది, వినడం లేదన్నట్టు ఉంటూ. నవ్వుతూనే అఖిల చామంతుల కవరును మెట్టు కింద, కనబడకుండా, కాలితో లోపలికి జరిపింది. చెప్పులు విడిచి మడిలోకి దిగింది. బండల వైపు అప్పుడు చూసింది.

"హన్మంతు రేపొస్తుండు," అన్నాడు యేసయ్య.

"రానియ్యి. మెట్టు కాడికెల్లి మడి సుట్టు తొవ్వకు పరవమను. బురదల నీ కాలు జారొద్దు." బంతుల మధ్య వంగి, మట్టి మీద అరచెయ్యి పెట్టి, అట్లాగే ఉండి, లేచింది. "కడమయి వాపసు పంపు నాయినా. మడి మీద ఒక్క బండ పడొద్దు."

కూడికకు ఇద్దరూ కలిసి పూలు కోశారు, జమ్ములమ్మ గంప నింపుకుంది. అంత కోసినా ఎక్కడ తరిగిందో కనబడలేదు. కోస్తూ కోస్తూ అఖిల బోరు దగ్గర ఆగింది. అక్కడ విడిగా ఒక మొక్క, మోకాలెత్తు, వెడల్పాటి ఆకులు, మొగ్గ కూడా లేదు. కుండ అడుగున బూడిదలో అంటుకుపోయి, ఆ రోజు కంటపడక కాలకుండా మిగిలిన ఒకే ఒక్క మూటలోది. ఆ గుడ్డ అతని పాత తెల్లచొక్కా ముక్క, జేబు మీద సిరా మరకతో సహా. అందులో మూడు గింజలు ఉంటే ఒకటే మొలిచింది.

"ఇదేం చెట్టు నాయినా?"

"తెల్వదు బిడ్డా. జమ్ములమ్మకు గూడ తెల్వదంట."

దాని పక్కన తెల్లరంగు వేసిన రేకు ముక్క ఒకటి పాతి ఉంది. మొక్క ఇంకా పూయలేదు. రేకు మీద ఇంకా ఏమీ రాయలేదు.